నలుపు మీద నలుపు

నెగిషి ఫుమి రంగులు కలిపేది. నెరిమాలో, కేబేజీ పొలాల అంచున, రేకుల కప్పు వేసిన రెండంతస్తుల కార్టూన్ సినిమాల స్టూడియోలో పన్నెండేళ్లు అదే పని. ఆ పన్నెండేళ్లూ నేను ఆమె పక్క బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆమెను గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలాకాలం చూశాను. రాయలేదు. అందుకే చేతకాకపోయినా నేనే మొదలుపెట్టాను.

బొమ్మలు గీసేవాళ్లు పై అంతస్తులో ఉండేవారు. వాళ్లు కళాకారులు. కింద ముప్పై రెండుమంది ఆడవాళ్లం రంగులు వేసేవాళ్లం. పైనుంచి మా ప్రస్తావన వస్తే "కిందికి పంపెయ్యండి, కింద చూసుకుంటారు" అనడం తప్ప వేరే మాట వినలేదు. పైన గీసిన గీతలు అద్దంలాంటి పల్చని ప్లాస్టిక్ షీట్ల మీద అచ్చయి వచ్చేవి. వాటిని బోర్లించి వెనకనుంచి రంగు నింపాలి. తెర మీద ఒక మనిషి తల తిప్పడానికి ఎన్ని షీట్లు కావాలో చెబితే మీరు నవ్వుతారు. వేలిముద్ర పడకుండా తెల్ల నూలు గ్లౌజు, అందులో బొటనవేలికీ చూపుడువేలికీ కొసలు కత్తిరించి. వేసవిలో ఫ్యాను పెట్టడానికి లేదు, దుమ్ము ఎగిరి రంగు మీద పడుతుంది.

ఫుమి నీగాతా మంచు ఊళ్లలోంచి పద్దెనిమిదేళ్లకు వచ్చింది. పొట్టి మనిషి, వెడల్పు నుదురు, మాట తక్కువ. ఉన్న ఆ కాస్త మాటా సూటిగా తగిలేది. ఆమె కన్ను వేరే రకం. ఒకసారి ఎండిన షీట్ల దొంతర ముందు ఆగి, మధ్యలోంచి ఒకటి లాగి, "ఇది నిన్నటి ఎరుపు కాదు. ఎవరో డబ్బా అడుగున మిగిలింది గీకి వేశారు" అంది. వేసింది నేనే. తీసుకెళ్లి వెలుతురులో పెట్టి చూస్తే కూడా నాకు తేడా తెలియలేదు. అంత చిన్నదానికి అందరి ముందూ అలా అనాలా అని వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. ఏడాది తిరక్కుండానే ఆమెను రంగులు కలిపే గదికి పెద్దను చేశారు. గది అంటే మా హాల్లోనే ఒక మూల, చుట్టూ గాజు పలకలు; నా బల్ల ఆ గాజుకు ఆనుకునే ఉండేది.

డెబ్బై తొమ్మిదిలో అంతరిక్ష దొంగల సినిమా మొదలైంది. డైరెక్టరు అన్‌జై అప్పటికి నలభై దాటలేదు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ ఒకటే గోధుమరంగు స్వెట్టరు. కథ ఇదీ: నీళ్లున్న గ్రహాలు నీళ్లు దాచుకుంటాయి. లేని గ్రహాల్లో జనం నాలుక పిడచగట్టి చస్తుంటారు. తొవా అనే నెరిసిన జుట్టు ఆడమనిషి, ఒక పాత ఓడ, ఏడుగురు మనుషులు. వాళ్లు నీటి ఓడల్ని దోచి దాహంతో ఉన్నవాళ్లకు పంచుతారు. చివరికి ఏడుగురూ పోతారు. తొవా ఒక్కతే ఓడ ముందు భాగంలో నిలబడి, నల్ల అంగీ ఎగురుతుండగా, చుక్క అన్నది లేని చీకట్లోకి సాగిపోతుంది.

ఆ చివరి దృశ్యమే అన్‌జైని కింది అంతస్తుకు దింపింది. డైరెక్టరు మెట్లు దిగి మా హాల్లోకి రావడం అదే మొదటిసారి. మేమంతా కుంచెలు పట్టుకుని లేచి నిలబడ్డాం. ఫుమి మాత్రం కూర్చునే ఉంది. చేతిలో రంగు ఆరిపోతుందని.

"నెగిషి సాన్ మీరేనా? నాకో ఇబ్బంది వచ్చింది. వెనక ఆకాశం నలుపు. ఆవిడ అంగీ నలుపు. రెండూ కలిసిపోతే గాల్లో ఒక తల తేలుతున్నట్టుంటుంది. జనం నవ్వుతారు."

"అంగీకి నీలం కలుపుతా. బూడిద అయినా కలపొచ్చు. అందరూ చేసేది అదే."

"అది వద్దు. నలుపే కావాలి. నలుపు మీద నలుపు. అయినా గుడ్డ కదలడం కనబడాలి."

ఫుమి కుంచె కడిగి పక్కన పెట్టింది. "మీరు అడుగుతున్నది లేనిదాన్ని."

"తెలుసు. అందుకే పైన ఎవర్నీ అడగలేదు."

ఆ ఒక్క మాటకే ఆమె పడిపోయిందని నేననుకుంటాను. తర్వాత ఆరు వారాలు ఆమె మనిషిలా లేదు. చిక్కేమిటంటే షీట్లు ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పేర్చి ఫొటో తీస్తారు. పై షీటు ప్లాస్టిక్‌కు ఉండే లేత ఛాయ కింది షీటు మీద కాస్త పడుతుంది. అడుగున ఉన్న రంగు మకిలి పట్టినట్టవుతుంది. అందుకని ఒకే అంగీకి పైనుంటే ఒక నలుపు, అడుగునుంటే ఇంకో నలుపు, మడతకు వేరు, అంచుకు వేరు. వానపడ్డ రోజుల్లో భోజనం మానేసి గొడుగు వేసుకుని పొలం గట్టు మీద నిలబడేది. తడిసిన కాకుల్ని చూడ్డానికి. "కాకి నల్లగా ఉండదు నొబూ" అంది ఒకరోజు నాతో, బూట్లకు బురదతో వచ్చి. "మెడ దగ్గర ఊదా, రెక్క విప్పితే ఆకుపచ్చ. మనం సరిగ్గా చూడక నలుపంటాం, అంతే." సరే, అన్నం తిను ముందు అన్నాను.

చివరికి పదమూడు నలుపులు తయారుచేసింది. ఒక్కొక్కదాని పాళ్లూ నీలం అట్ట నోటుబుక్కులో రాసుకుంది. పరీక్షకు తీసిన ముక్కను చిన్న తెర మీద వేసినప్పుడు పైవాళ్లూ కిందివాళ్లూ అందరం చూశాం. చీకటి. ఆ చీకట్లో ఇంకో చీకటి బతికినట్టు కదిలింది. అన్‌జై లేచి, అందరూ వింటుండగా, "నెగిషి సాన్, ఈ సినిమా మీది కూడా" అన్నాడు. ఆ మాట ఈ చెవులతో నేను విన్నాను. ఫుమి తలవంచుకుని గ్లౌజు అంచు లాక్కుంది. మెడంతా ఎర్రబడింది.

ఆ చలికాలంలోనే మా విభాగం అధికారి సెగావా మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. జూలైలో విడుదల, పని సగం కూడా కాలేదు. అందుకని సగం షీట్లు తైపేకి పంపుతున్నారు. అక్కడ కొత్తగా పెట్టిన సంస్థలో నలభైమంది ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు పని నేర్పడానికి ఇక్కడినుంచి ఒకరు వెళ్లాలి.

"ఈ ఒక్క సినిమాకేనండీ" అన్నాడు సెగావా. "వరదొస్తే పక్కింటివాళ్లను సాయం పిలవమూ? అలాంటిదే."

మా యూనియన్ అంతా ఒక్క గొంతుతో వద్దంది. ఎవరూ వెళ్లకపోతే అక్కడ పని జరగదు. జరగకపోతే మనల్ని కాదని ఏమీ చేయలేరు. లెక్క అంత సులువుగా ఉంది. మర్నాడు టీ గదిలో ఫుమి, "నేను వెళ్తున్నా" అంది.

ముందు నోరు తెరిచింది నేనే.

"ఎవరికి నేర్పడానికి? రేపు మన కుర్చీల్లో కూర్చునేవాళ్లకా?"

"నేర్పకపోయినా షీట్లు వెళ్తాయి నొబూ. ఎవరూ చెప్పకుండా వేస్తే తొవా అంగీ బొగ్గుమసి అవుతుంది."

"అవనీ! మసి అయితే మన విలువ తెలుస్తుంది."

"ఆ సినిమా పాడైతే నేను చూడలేను."

"అబ్బో, డైరెక్టరు గారు 'మీది కూడా' అన్నారుగా! వెళ్లు తల్లీ వెళ్లు. మన ఇల్లు చూపించి, తాళంచెవి కూడా వాళ్ల చేతిలో పెట్టి రా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫుమి తన కప్పు కడుక్కుని, బోర్లించి, బయటికి వెళ్లిపోయింది. వెళ్లే రోజున స్టేషన్‌కు మాలో ఒక్కరమూ వెళ్లలేదు.

తైపే సంగతులు తర్వాత ఆమె చెప్పగా విన్నవి. ఆ హాలుకు పెద్ద లియావ్ సూమే అనే నలభై అయిదేళ్ల ఆవిడ. బడిలో చేరినప్పుడు తైపే ఉన్న ఆ ద్వీపమంతా మనవాళ్ల ఏలుబడిలో ఉండేది గనక మన భాష వచ్చు. అయితే పదకొండేళ్ల పిల్ల భాష అక్కడే ఆగిపోయింది. ఫుమి మొదటి రోజే నలభై షీట్లు చూసి నలభై పక్కన పెట్టేసింది. సూమే చేతులు కట్టుకుని నిలబడి చూసింది.

"చిన్నప్పుడు మీ పంతులు నేను మా ఇంటి భాషలో మాట్లాడానని చెంప పగలగొట్టాడు. ఇప్పుడు మీరొచ్చి నా నలుపు నలుపు కాదంటున్నారు. కానివ్వండి. మాకు అలవాటే."

ఫుమి చేతిలోని షీటు కింద పెట్టింది. "ఆ పంతులు చేసింది తప్పు" అంది. "నలుపు మాత్రం నిజంగా బాగాలేదు."

సూమే పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఇద్దరికీ స్నేహం కుదిరింది. మధ్యాహ్నాలు సూమే ఇంటినుంచి పందిమాంసం సన్నగా తరిగి సోయాలో ఉడికించి, అన్నం మీద పోసి తెచ్చేది. ఫుమి వయసులో చిన్నది కాబట్టి "తిను పిల్లా, ఈ చేతుల్లో ఎముకలు తప్ప ఏమీ లేవు" అని దబాయించేది. ఫుమి ఆమెను అక్కా అనేది. మూడు నెలలకని వెళ్లింది అయిదు నెలలుంది. పదమూడు నలుపులూ సూమే చేతికి వచ్చేశాయి.

జూన్‌లో తిరిగొచ్చి, రంగుల గదిలో గాజు తుడుస్తూ నాతో మెల్లగా అంది: "నొబూ, వాళ్లు మనకంటే బాగా చేస్తున్నారు." ఆమె గొంతులో ఉన్నది గర్వమో భయమో నాకర్థం కాలేదు. "సంతోషం" అని ముఖం తిప్పుకున్నాను.

జూలైలో ఇకెబుకురోలో మొదటి రోజు మొదటి ఆట. పొద్దున్నే ఎండ మాడ్చేస్తోంది. హాలు చుట్టూ రెండు వరసలు జనం, సగం మంది కుర్రకారు. మేం ఆరుగురం కలిసి వెళ్లాం. ఫుమిని నేనే పిలిచాను. కోపం ఎంతకాలం మోస్తాం? చివరి దృశ్యంలో తొవా అంగీ ఎగిరినప్పుడు నా ముందు వరసలో ఒక కుర్రాడు బాహాటంగా ఏడ్చేశాడు. పేర్లు రావడం మొదలైంది. ఎవరూ లేవలేదు. రంగుల విభాగం అని వచ్చింది. కుసాకా నొబుకో, అదుగో నేను. మా ముప్పై రెండుమందిలో ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. తైపే సంస్థ పేరు ఒక్క వరసలో వచ్చింది. సంగీతం ఆగింది. దీపాలు వెలిగాయి.

"ఏదో పొరపాటు జరిగుంటుంది" అన్నాను.

ఫుమి చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు చేసింది.

సోమవారం సెగావాను అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన బాధపడుతున్నట్టు ముఖం పెట్టాడు. "ఆ అయిదు నెలలూ మీరు తైపే సంస్థ మనిషి కింద లెక్క కదా. అక్కడివాళ్లకు సంస్థ పేరే పడుతుంది. నలభైమంది పేర్లు వేయాలంటే చివర వచ్చే పాట నిడివి చాలదు."

"మరి దానికి ముందు? ఆ రంగు?"

"రంగుకి పేరెక్కడ వేస్తామండీ నెగిషి సాన్?" అని నవ్వేశాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి.

అక్టోబరులో రంగుల విభాగం మూసేశారు. వరద తీసిపోయిందిగానీ పక్కింటివాళ్లు ఉండిపోయారు. అక్కడ అదే పని, ఇంకా చవగ్గా. ఫుమికి షీట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఒకటి ఉంచుతామని తైపే వెళ్లేముందే మాట ఇచ్చారట. ఆ సంగతి మాకప్పుడే తెలిసింది. ఆ ఉద్యోగం పైనున్న ఒకాయన మేనల్లుడికి వెళ్లింది. ఫుమి మెట్లెక్కి అన్‌జై దగ్గరికి పోయింది. ఆయన ఎవరో పత్రికవాళ్లతో మాట్లాడుతున్నాడు. వాళ్లు వెళ్లేదాకా బయట నిలబడింది.

"నా చేతుల్లో ఏముంది చెప్పండి" అన్నాడట. "నేనూ జీతగాణ్నే."

రెండేళ్లలో ఆయన సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఫుమికి కబురు రాలేదు.

ఆఖరి రోజు సెగావా నీలం అట్ట నోటుబుక్కు అడిగాడు. స్టూడియో సొత్తు, తైపే పంపాలి.

"ఒక్క రోజు ఉంచితే నకలు రాసుకుంటాను" అంది ఫుమి.

"ఇంక మీకెందుకండీ అది?"

ఆయన మాటలో దురుద్దేశం లేదు. అదే నన్నిప్పటికీ మండిస్తుంది. ఫుమి రెండు చేతులతో నోటుబుక్కు అందించి, వంగి నమస్కరించి, పన్నెండేళ్లు తనను చూసుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. బయటికొచ్చాక నేనే బూతులు తిట్టాను. టీ గదిలో నేనన్నదే నిజమైంది. దానివల్ల నాకు ఒరిగింది కూడా ఏమీ లేదు. ఇద్దరం ఒకే రోజు వీధిన పడ్డాం.

నేను ఒక పిల్లల బడి వంటగదిలో కుదిరాను. ఫుమి తొకొరొజావాలో కూరలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. ముల్లంగి, క్యారెట్ అగ్గిపుల్లల్లా తరిగి, సూపర్ మార్కెట్లకు వెళ్లే డబ్బాల్లో సర్దాలి. పెళ్లి చేసుకోలేదు. చల్లటి నీళ్లలో వేళ్లు వాచిపోయేవి. "ఇక్కడా గ్లౌజులే నొబూ" అనేది. "కాకపోతే ఇవి రబ్బరువి." ఏడాదికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్లం. సినిమా ఊసెత్తేవాళ్లం కాదు.

తొంభైలో అనుకుంటా, ఆమె గదికి వెళ్తే ఒక ఉత్తరం చూపించింది. సూమే రాసింది. బడిపిల్లలు రాసేలాంటి పెద్ద పెద్ద కోణాల అక్షరాలు, పాతకాలపు గుణింతం. ఉత్తరం చిన్నది. తైపే హాలు వచ్చే నెల మూసేస్తున్నారు. పని అంతా చైనాలో సుజోకి వెళ్తోంది. నేర్పడానికి ఒకరు కావాలంటే తననే పంపుతున్నారు. ఇక్కడి అమ్మాయిలు తనతో మాట్లాడ్డం మానేశారు. కిందటివారం కుర్చీ మీద ఎవరో రంగు పోశారు. చివర ఇలా ఉంది: "నువ్వు ఎలా వెళ్లగలిగావు చెల్లీ? నాకు చెప్పు. నాకు అరవై దగ్గరపడుతోంది."

"ఏం రాశావు?" అన్నాను.

"ఇంకా రాయలేదు. ఎలా వెళ్లానో నాకే తెలీదు."

రాసిందో లేదో నేను మళ్లీ అడగలేదు. సూమే దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం రాలేదని మాత్రం తెలుసు.

సినిమాకు పాతికేళ్లు నిండినప్పుడు ఒక పెద్ద దుకాణం ఎనిమిదో అంతస్తులో ప్రదర్శన పెట్టారు. అప్పటికి అన్‌జై గురువుగారైపోయాడు. గోడంత ఫొటో, అదే రకం స్వెట్టరు. నేనే బలవంతంగా ఫుమిని లాక్కెళ్లాను. ఆమె ఒక కంట్లో పొర కమ్ముతోంది. తొవా అంగీ ఉన్న షీట్లు మూడు గాజుపెట్టెలో ఉన్నాయి, చుట్టూ చిన్న దీపాలు. మేం పనిచేసేటప్పుడు ఫొటో అయిపోయిన షీట్లను చెత్తబండికి ఎత్తేవాళ్లం. పక్కన పలక మీద రాసి ఉంది: ఈ ప్రఖ్యాతమైన నలుపు, గురువుగారు చిన్నతనంలో చూసిన రాత్రి సముద్రం జ్ఞాపకంలోంచి పుట్టింది.

ఫుమి పలక చదివిందో లేదో తెలియదు. గాజు దగ్గరికి వంగి, మంచి కన్నుతో చాలాసేపు చూసింది. తర్వాత నల్లకోటు వేసుకుని నిలబడ్డ కుర్రాణ్ని పిలిచింది.

"బాబూ, ఈ మధ్యది తప్పు చోట పెట్టారు. ఇది అడుగు షీటు. అడుగు షీటు నలుపు కాస్త పల్చగా ఉంటుంది, పైన పెడితే ఇలా వెలిసిపోయినట్టు కనబడుతుంది. ఈ చివరిదాని కిందికి మార్చండి."

కుర్రాడు చక్కగా వంగి నవ్వాడు. "మీ అభిప్రాయం చెప్పినందుకు ధన్యవాదాలమ్మా. ఇవన్నీ గురువుగారు స్వయంగా చూసి పెట్టించినవి. దయచేసి గాజుకు కొంచెం దూరంగా ఉంటారా?"

"ఈ రంగు కలిపింది ఈవిడే!" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. నలుగురు తిరిగి చూశారు. కుర్రాడు ఆమె ముఖం, వాచిన వేళ్లు చూసి, "అలాగా, చాలా సంతోషం" అన్నాడు, ముసలివాళ్లతో మాట్లాడే గొంతుతో.

ఫుమి నా మోచెయ్యి పట్టుకుంది. "పద, ఆకలేస్తోంది."

పై అంతస్తులో నూడుల్స్ తింటూ, ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ చెప్పలేననిపించింది. "ఆ రోజు టీ గదిలో నేనన్న మాట..."

"ఏ మాట? అందరూ అన్నారుగా. ఎవరేమన్నారో ఎవరికి గుర్తు?" అంది గిన్నెలోంచి తలెత్తకుండా. పన్నెండేళ్లలో ఒక్క ఎరుపు తేడా మరిచిపోని మనిషి. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. క్షమించినట్టా, ఆ మాట నా నోటినుంచి వినడం కూడా ఇష్టంలేదన్నట్టా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత అయిదేళ్లకు, ఫిబ్రవరిలో, ఫ్యాక్టరీ గేటు ముందు మంచు మీద జారి పడింది. తుంటి విరిగింది. ఆస్పత్రిలో న్యుమోనియా పట్టుకుని మూడు వారాల్లో పోయింది. నీగాతా నుంచి తమ్ముడి భార్య వచ్చింది. దహనశాలలో ఎముకలు చల్లారేదాకా ఇద్దరం ఒక బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ మంచి మనిషే. నాకు టీ పోసి, "మీరు వదినతో కలిసి పనిచేశారట కదా, కూరల ఫ్యాక్టరీలోనా?" అని అడిగింది.

"అంతకుముందు. ఇద్దరం రంగుల పని చేసేవాళ్లం."

"అవునా! మాకెప్పుడూ చెప్పలేదు. ఇళ్లకా?"

చెప్పాలంటే తొవా నుంచి మొదలుపెట్టాలి. సూమే గురించి చెప్పాలి, నా గురించి చెప్పాలి. ఉద్యోగి వచ్చి తలుపు తీసి, సిద్ధమైంది రమ్మని పిలిచాడు. "ఆఁ, అలాంటిదే" అని లేచాను. మా ఆచారం ప్రకారం, పొడవాటి పుల్లలు తీసుకుని ఆవిడ ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని, ఒక్కొక్క ఎముకే కుండలోకి ఎత్తాం.